గిన్నె అంచు మీద తోక

ఆ రోజు ఇంట్లో అందరం ఆడవాళ్లమే. నానమ్మ, హనియా అత్త, అమ్మ, విసాల్ వదిన, పక్కింటి మొంజియా, నేను. నాన్నా అన్నా బెండు చెట్ల బెరడు ఒలవడానికి పై అడవికి వెళ్లారు. వారం దాకా రారు. కోళ్లు కూడా ఉన్నాయి గానీ ఈ గొడవతో వాటికేం సంబంధం లేదు.

గొడవ ఏమిటో పోయిన వారం చదివిన వాళ్లకి తెలుసు. మా అన్నని చేసుకుని మాతర్ పట్నం నుంచి మా సెజ్నాన్ కొండల్లోకి వచ్చిన వదిన, నెల తిరక్కుండానే హనియా అత్త చేత "నీ చెయ్యి చల్లగుండ" అనిపించుకుంది. చిన్నప్పటి నుంచీ అత్త వెనకే తిరిగిన నాకు ఆ మాట ఒక్కసారి కూడా దక్కలేదు. ఆ రోజు నా డైరీ పేజీలో ఒక్క ముక్కే ఉంది: "దాని చేతులు విరిగిపోను." తర్వాత భయమేసి కొట్టేశాను.

అది అయ్యాకే అత్త ఆ పరీక్ష పెట్టింది. ఆవిడ కళ్లకి పొర కమ్ముతోంది. పక్కన కూర్చుని గిన్నెల మీద గీతలు వేసే చెయ్యి ఇంకొకటి కావాలి. వదినా నేనూ చెరో గిన్నె మీద గీతలు వేసి, ఎవరిది ఏదో చెప్పకుండా ఇవ్వాలి. అత్త చూసి ఒకరిని పిలుస్తుంది. గిన్నెలు రెండూ ఇప్పుడు పెరట్లో నిప్పుల మీద బోర్లించి ఉన్నాయి. అక్కడ ఆపాను.

మా గీతలు దరూ ఆకు రసంతో వేస్తాం. వేసేటప్పుడు లేత పచ్చగా ఉంటుంది. ఆరితే అసలు ఉందో లేదో తెలియదు. ఒకసారి కాల్చిన గిన్నెని మళ్లీ పిడకల సెగ మీద పెడితేనే నల్లగా పైకి వస్తుంది. కొండ మీద పొదల్లో ఆ ఆకు కోసుకొచ్చేది నేను, రోట్లో దంచేది నేను, పిండేది నేను. అత్త గీతలు వేసే చిన్న గది తలుపు ఎప్పుడూ జానెడు తీసి ఉంటుంది. ఆ సందులోంచి రసం అందిస్తాను. ఒక చెయ్యి వచ్చి తీసుకుంటుంది. లోపలికి రమ్మని ఎన్నడూ అనలేదు. నేను వెళ్లిపోయేదాన్ని కాదు. ఆ జానెడు సందులోంచి అత్త చేతినే చూస్తూ కూర్చునేదాన్ని. నాకొచ్చిన గీతలన్నీ అలా వచ్చినవే.

మొంజియా తన కుండల్ని బుట్టలో పెట్టుకుని పొద్దున్నే దిగింది, అత్తతో గీతలు వేయించుకోవాలని. వేడుక చూడాలని కూడా. నిప్పుల దగ్గర నన్ను చూసి మోచేత్తో పొడిచింది.

"ఏమే జన్నెత్, పాలు విరిగినట్టుంది మొహం. ఆ గదిలో కూర్చుంటే వాటా ఎక్కువొస్తుందా ఏం?"

"లేదు."

"పోనీ రొట్టె ఇంకొకటి ఎక్కువ పెడతారా?"

అమ్మ నవ్వింది. "మన సంఘంలో మట్టి తొక్కినదానికీ గీత గీసినదానికీ ఒకటే వాటా. నీకు తెలీదా మొంజియా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఒక్క మిల్లీం కాసు ఎక్కువ రాని చోటు కోసం రాత్రి నిద్ర పోయినట్టు లేదు నీ కూతురు. కళ్లు చూడు, ఉల్లిపాయలు తరిగినట్టు."

నేను తల దించుకున్నాను. నలుగురిలో నాకు మాట రాదు. వచ్చే మాటలన్నీ అందరూ వెళ్లిపోయాక వస్తాయి.

"దీని సంగతి సరే. నువ్వు చెప్పు, పట్నం పిల్లా," అని మొంజియా వదిన వైపు తిరిగింది. "నెల నెలా జీతమొచ్చే ఫ్యాక్టరీ వదులుకుని ఇక్కడ పేడ పిసుకుతున్నావు. మొగుడు తనే పట్నం వస్తానంటే వద్దన్నావట. తిక్కా?"

వదిన నిప్పుల మీద పిడక సర్దుతోంది. తలకి కట్టుకున్న గుడ్డ కింద నుంచి చెమట కారుతోంది. అంత పొగలోనూ అందంగానే ఉంది. అదీ నాకు కోపమే.

"జీతం బాగానే ఉండేది," అంది. "ఎర్ర తీగ ఎర్రదాంట్లో, పసుపుది పసుపుదాంట్లో. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే. కారు లోపలికి పోయే తీగలట. ఏ కారో, ఏ ఊరికి పోతుందో. తప్పు చేస్తే పిలిచి తిట్టే మనిషి కూడా లేడు, జీతంలో కోసుకునేవాళ్లు. బాగా చేస్తే అదీ లేదు."

"కారు కనిపిస్తే ఏం చేస్తావే? ఎక్కి ఊరేగుతావా?"

"ఎక్కను. రోడ్డు మీద పోతుంటే మా అమ్మకి చూపిస్తాను. అందులో ఉన్నది నేను పెట్టిన తీగే అని."

"ఏ కారు? ఎవరొచ్చారు?" అంది నానమ్మ. ఆవిడకి చెవులు సరిగా వినపడవు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వదిన అన్నది నాకు నచ్చింది. అందుకే ఒళ్లు మండింది. అలాంటి మాట నాకు ఎందుకు తట్టలేదు? తట్టినా ఎవరి ముందు అనగలను?

అమ్మ గిన్నెల్ని నిప్పుల మీద నుంచి తీసి ఆరబెట్టిన కాసేపటికి హనియా అత్త బయటికొచ్చింది. గోడని తడుముకోకుండా నడవాలని చూస్తుంది గానీ, గడప దగ్గర కాలు ఒకసారి గాల్లో ఆగుతుంది. మేమందరం చూస్తాం. ఎవరం ఏమీ అనం.

"చల్లారాయా?"

"చల్లారాయి హనియక్కా," అంది అమ్మ.

"కలిపేయ్ అమ్మా," అని అత్త నానమ్మకి గట్టిగా చెప్పింది. నానమ్మ రెండు గిన్నెల్నీ తన కొంగు కింద పెట్టుకుని, చిన్న పిల్లలతో ఆడుతున్నట్టు అటూ ఇటూ మార్చింది. నవ్వుతుంటే ఆవిడ గడ్డం మీది పచ్చబొట్టు గీతలు సాగాయి. మా గిన్నెల మీద వేసే గీతలు కూడా అవే. పెదవి కింద నుంచి మెడ దాకా దిగే కోణాలు, పక్కన దువ్వెన పళ్లు.

అత్త మొదటి గిన్నె తీసుకుంది. నాది కాదు. అంచు చూడగానే నాకు తెలిసిపోయింది.

వేలు మడిచి కొట్టింది. ఖంగుమంది. అత్త తల పక్కకి వంచి ఆ మోత ఆగేదాకా విన్నది. తర్వాత గుమ్మంలో ఎండ పడేచోటికి వెళ్లి, గిన్నెని ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని తిప్పింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు.

"ఇది నేను వేసిందే కదా?"

"నువ్వు నిన్న ఏమీ వెయ్యలేదు హనియక్కా," అంది అమ్మ.

"నా చెయ్యే ఇది." అత్త గొంతు వింతగా ఉంది, తప్పిపోయిన మేక ఇంటికొచ్చినట్టు. "పెళ్లికి ముందు ఇలా వేసేదాన్ని. ఎవరిది?"

మొంజియా ఆగలేకపోయింది. "పట్నం పిల్లది."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఉప్పు గిన్నె చూసి, పెద్దత్తా," అంది వదిన. "వంటింట్లో గూట్లో ఉందిగా, పాతది. రాత్రిళ్లు అంట్లు తోమాక దాన్ని చూసి బొగ్గుతో నేల మీద వేసుకునేదాన్ని."

ఉప్పు గిన్నె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ అందులో చెయ్యి పెడుతున్నాను. ఉప్పు తప్ప ఇంకేమీ చూడలేదు.

అత్త రెండో గిన్నె తీసుకుంది. నాది. దీన్ని వేలితో కొట్టలేదు. మొదటి గిన్నె చూసిన ఆత్రం ఇంకా తగ్గలేదు. నేరుగా కళ్ల దగ్గరికి తీసుకుపోయింది. కోణాలు చూసింది, దువ్వెన పళ్లు చూసింది. తల ఊపింది కూడా. ఆ తల ఊపడానికి నా ఒళ్లంతా వెచ్చబడింది. అంచు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"అయ్యో, ఇదేమిటి? ఇంత బాగా మొదలుపెట్టి చివర చెయ్యి జారిపోయింది పాపం."

మా అంచు గీత గిన్నె చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటే కలవాలి. నా గిన్నె మీద అది కలవదు. కలిసే చోటు దాటి, కొంచెం కిందికి వంగి, మేకపిల్ల తోకలా చిన్న వంపు తిరిగి ఆగుతుంది. ఆ వంపు రావడానికి నేను ఎన్నాళ్లు తంటాలు పడ్డానో నాకు తెలుసు. పుల్లని ఎక్కడ వదిలెయ్యాలి, మణికట్టు ఎలా తిప్పాలి అని. వదినకి రాదు అనుకున్నాను. అత్త దగ్గర పెరిగిన దానికి మాత్రమే వస్తుంది అనుకున్నాను. ఆ తోక చూడగానే అత్త నన్ను పిలుస్తుంది అనుకున్నాను.

అందుకే నలుగురిలో నోరు తెరిచాను.

"జారలేదు అత్తా. అది తోక."

"తోకేమిటి?"

"అంచు తోక. నువ్వు వేస్తావుగా."

అత్త గిన్నెని కళ్ల ముందు నుంచి దించింది. "నేనా?"

"పిల్ల ఏదో వాగుతోంది," అని అమ్మ గబగబా ముందుకొచ్చింది. "పొద్దున్నించి ఏమీ తినలేదు, అందుకే. జన్నెత్, లోపలికి పో."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. అమ్మ మొహం చూసి కూడా అర్థం కాలేదు. వదినకి ఇవ్వబోయే చోటు నాకు రావాలంటే నేను చెప్పేది నిజమని అత్తకి తెలియాలి. నాకు కనపడింది అంతే.

"కావాలంటే చూడు అత్తా. నువ్వు వేసిన వాటన్నిటికీ ఉంది. గడ్డిలో కట్టినవి తెస్తాను," అన్నాను. అమ్మ నా భుజం పట్టుకునేలోపే పరిగెత్తాను.

సంఘం వాళ్ల బండి కోసం కట్టి పెట్టిన మూటలు వసారాలో ఉన్నాయి. గడ్డి పీకి, అత్త గిన్నెలు చేతికి వచ్చినన్ని తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పేర్చాను. ఇవన్నీ నిప్పుల మీద నుంచి అమ్మ తీసినవి. తీసి అత్త చేతికిస్తే, అత్త వేలితో కొట్టి, విని, పక్కన పెట్టేది. పరాయి వాళ్ల గిన్నెల్ని కళ్లకి ఆనించి చూసే మనిషి, తనవి చూసుకోవడం ఎప్పుడో మానేసింది. తన చెయ్యి తనకి తెలుసు కదా అని.

గుమ్మంలోనే కూర్చుని, నా గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఇప్పుడు చూసింది. ఒకటి. పక్కన పెట్టింది. ఇంకొకటి. ప్రతి అంచు మీదా తోక. కొన్నింటి మీద చిన్నది, కొన్నింటి మీద నేను వేసినదానికంటే పెద్దది. ఒక గిన్నె మీద అయితే గీత అంచు దాటి కోణాల్లోకి జారిపోయింది. నేను దాన్ని అన్నిటికంటే అందమైన తోక అనుకుని రోజూ తడుముకునేదాన్ని.

కోళ్లు వచ్చి నేను పీకిన గడ్డిని చిమ్ముతున్నాయి.

"ఎప్పటి నుంచి?" అంది అత్త.

అని అమ్మ వైపు తిరిగింది.

"సాసియా, నిన్నే అడుగుతున్నా."

అమ్మ తన చేతులు తనే పిసుక్కుంటోంది. అత్త తనని పేరు పెట్టి పిలిస్తే అమ్మకి ఇప్పటికీ భయం. "పోయిన చలికాలం నుంచి అక్కా. అంతకు ముందు కొంచెమే."

"ఏం పోయింది ఇప్పుడు?" అని మొంజియా అందుకుంది. "కొనుక్కుని గోడ మీద తగిలించుకునే వాళ్లకి తోకేం తెలుసు, తలేం తెలుసు? అమ్ముడుపోతూనే ఉన్నాయి. మీకూ మాకూ వాటా వస్తూనే ఉంది."

"వాటా ఏమయిందని అడిగానా నేను?"

అత్త అరవలేదు. మొంజియా మాత్రం అరుపు విన్నట్టే తన బుట్టని దగ్గరికి లాక్కుంది.

"నా చెయ్యి పోయిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. పక్కింటికీ తెలుసు. నాకు తప్ప." అత్త ఆ పెద్ద తోక గిన్నె అంచు మీద బొటనవేలు రాస్తోంది, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. "ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావు," అంది అమ్మ. ఏడుపు వచ్చేసింది. "మా బావ పోయి నువ్వు ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎలా ఉన్నావో నేను చూశాను. రొట్టె ముక్క ముందు పెట్టుకుని గోడకేసి చూసేదానివి. ఈ గదిలోకి వెళ్లాకే మళ్లీ మనిషివయ్యావు. అది కూడా పోతే నువ్వేమవుతావు అక్కా?"

"నాకేమవుతుందోనని, నా పేరు మీద వంకర గిన్నెలు ఊళ్లు పట్టుకు తిరగనిచ్చారా?"

"ఏమంటోంది?" అంది నానమ్మ.

"ఏమీ లేదు అమ్మా. నా చెయ్యి వణుకుతోందట."

"అవును, వణుకుతోంది," అంది నానమ్మ, అందరికీ తెలిసిందేగా అన్నట్టు. "టీ పోస్తే సగం పళ్లెంలోనే."

మొంజియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నాకు అర్థమయింది. నేను అంత కష్టపడి నేర్చుకున్నది అత్త చెయ్యి కాదు, అత్త చేతికి వచ్చిన జబ్బు. అత్త చూపు కోసం, ఆ ఒక్క మాట కోసం, అందరూ ఇన్నాళ్లూ దాచినదాన్ని గడ్డి పీకి మరీ ఆవిడ కాళ్ల దగ్గర పేర్చాను. వదిన గిన్నె ఆవిడ పోగొట్టుకున్న చేతిని తిరిగి తెచ్చిచ్చింది. నా గిన్నె అది పోయిందని చెప్పింది. ఇక ఎవరిని పిలుస్తుందో అడగాలా?

సిగ్గు పడాల్సింది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం వదిన మీద అసూయే. ఆ ఉప్పు గిన్నె మాది. అది చూడాల్సింది నేను.

మా దగ్గర పాడైన గిన్నెని ఎవరు చేశారో వాళ్లే పగలగొట్టాలి. పెరటి మూల రాయి ఉంది. దాని మీద కొట్టి, పెంకులు పొడి చేసి వచ్చేసారి మట్టిలో కలుపుతాం. ఆ పొడి లేకపోతే మట్టి నిప్పుకి తట్టుకోదు. నేను అత్త ఒళ్లోంచి నా గిన్నె తీసుకుని రాయి దగ్గరికి నడిచాను. రెండు చేతులా పైకెత్తాను.

"ఎవరు పగలగొట్టమన్నారు నిన్ను?"

అత్త లేచి నిలబడింది. నా వైపు వచ్చింది. ఈసారి గడప లేకపోయినా ఒకసారి కాలు గాల్లో ఆగింది. నా చేతుల్లోంచి గిన్నె లాక్కుంది.

"చూడ్డానికి కళ్లిచ్చాడు దేవుడు. ఎవరు ఏం వేస్తే అది వేసెయ్యడమేనా? గాడిదా! గీత ఎందుకు కలుస్తుందో ఒక్కసారి అడిగావా? ఇన్నేళ్లు ఆ తలుపు దగ్గర కూర్చుని ఏం చేశావు, ఈగలు తోలావా?"

అందరి ముందూ తిట్టింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. అత్త పట్టించుకోలేదు. నా గిన్నె చంకలో పెట్టుకుని చిన్న గది వైపు తిరిగింది.

"విసాల్. ఆకు రసం తీసుకుని లోపలికి రా."

అంతే. అయిపోయింది.

రసం పొద్దున్న నేను పిండి పెట్టిందే. రోటి పక్కన మట్టి మూకుడులో ఉంది. వదిన తీసుకోవడానికి వంగేలోపు నేనే వెళ్లి తీశాను. ఎందుకు తీశానో తెలియదు. గది గుమ్మం దాకా నేనే మోశాను, రోజూ మోసినట్టే. తలుపు జానెడు తీసి ఉంది. లోపల గొర్రె తోలు మీద అత్త కూర్చుంటోంది.

"ఇలా ఇయ్యి జన్నెత్," అంది వదిన వెనక నుంచి.

ఇవ్వలేదు. తను పట్టుకుంది. నేను వదల్లేదు. మూకుడు ఒరిగి రసం ఇద్దరి చేతుల మీదా పడింది, చల్లగా, జిగురుగా.

"అన్నీ నీకే కావాలి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఆ మాట కూడా నీకే. ఈ గది కూడా నీకే."

వదిన మొహం మారిపోయింది. పెళ్లయిన రోజు నుంచి ఆ మొహం మీద నేను చూడని రంగు.

"ఆ మాటా?" అంది, లోపలికి వినపడకుండా. "చుట్టంగా వచ్చినవాళ్లు వండితే కూర బాగుందని అనరూ? అదే ఆ మాట. నన్ను గాడిదా అని ఒక్కసారి తిట్టిందా మీ అత్త? తప్పు చేస్తే పక్కన పెట్టి నవ్వుతుంది. నిన్ను చూడు, నీ గిన్నె పగలకుండా చంకలో పెట్టుకుపోయింది. నాది ఎక్కడుందో తెలుసా? ఇంకా గుమ్మంలోనే ఉంది, కోళ్ల మధ్య."

తిరిగి చూశాను. నిజమే. ఆ అందమైన గిన్నె గుమ్మంలో గడ్డి మధ్య ఒక్కటే ఉంది. ఒక కోడి అందులో ముక్కు పెట్టి చూస్తోంది.

నా వేళ్లు సడలాయి. వదిన మూకుడు లాక్కుని లోపలికి వెళ్లింది.

తలుపు సందులోంచి కనిపిస్తోంది. అత్త నా గిన్నెని ఒళ్లో పెట్టుకుంది. అంచు మీద తోకని బొటనవేలితో కప్పింది. కప్పి, మిగతాదాన్ని కళ్ల దగ్గరికి తీసుకుని చూసింది. తర్వాత గిన్నెని ఎడమ అరచేతిలో పైకెత్తి, కుడి చేతి వేలు మడిచింది. ఇందాక మరిచిపోయింది ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

కొట్టింది.

నా గిన్నె మోగింది. అంతసేపు మోగుతుందని నాకే తెలియదు. అత్త తల పక్కకి వంచి విన్నది, చివరి దాకా విన్నది. పెదవులు కదిలాయి. ఏమందో పక్కనున్న వదినకి వినపడింది, నాకు కాదు.

వదిన నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో. మూకుడు కింద పెట్టి, పచ్చటి చెయ్యి చాపి, ఎప్పుడూ జానెడు తెరిచే ఉండే ఆ తలుపుని నా మొహం మీద పూర్తిగా మూసేసింది.